రేచెర్ల పేరును, దానిని మోసినవారును

మన యిండ్లలో పెండ్లిమాటలు జరుగునపుడు అన్నిటికంటె ముందు వినవచ్చు ప్రశ్న “వారు ఏ వంశమువారు?” అనునది. వరుని చదువును, వధువు గుణమును తరువాత విచారింతుము. ఇంటిపేరు పెద్దదైనచో పెద్దల ముఖములు వికసించును. కట్నము లెక్కకూడ ఆ పేరును బట్టియే పెరుగును. పేరు ఎవరి కష్టమువలన పెద్దదయ్యెనో, దానిని ధరించినవారు లోకమునకు ఏమి చేసిరో అడుగువారు మాత్రము అరుదు. ఈ వ్యాసమున మనము ఆ ప్రశ్ననే యడుగుదము. ఉదాహరణమునకై దూరదేశములకు పోనక్కఱలేదు. ఓరుగల్లునకు ఈశాన్యమున, అడవి యంచున నున్న ఘనపూర్ గ్రామమునుండియే ప్రారంభింపవచ్చును.

ఘనపూర్ అను పేరుగల యూళ్లు తెలంగాణమున పెక్కులు గలవు. రైలుబండి నిలుచు స్టేషను ఘనపూర్ జనగామ జిల్లాలోనిది. మనము చెప్పుచున్నది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, ములుగు ప్రక్కనుండు గణపురము. అచ్చట రాతి ప్రాకారము నడుమ 22 గుళ్ల సమూహ మొకటి కలదు. జనులు దానిని కోటగుళ్లందురు. నడిమి గుడి గణపేశ్వరాలయము. కాకతి గణపతిదేవుని కాలపు శిల్పరీతి అందంతటను కానవచ్చుచున్నది. ఏనుగుపై లంఘించు సింహములును, స్తంభములనుండి ముందునకు వంగిన రాతి మదనికలును, చూచువారికి సమీపమున నున్న పాలంపేట రామప్పగుడిని జ్ఞప్తికి తెచ్చును. కప్పులు కూలినవి, స్తంభములు ఒరగినవి. అయినను ఊరిపేరులో నేటికిని గణపతిదేవుని పేరు నిలిచియున్నది.

ఆ గణపతిదేవునికి రాజ్యము ఎట్లు దక్కెనో తెలిసికొన్నచో రేచెర్ల పేరు మనకు ఎదురుపడును. 1195 ప్రాంతమున కాకతి రుద్రదేవుడు దేవగిరి యాదవులతోడి పోరున మడిసెను. అతని తమ్ముడు మహాదేవుడు మూడు నాలుగేండ్లు ఏలి, దేవగిరి ముట్టడిలో ప్రాణములు విడిచెను. అతని కుమారుడు గణపతి శత్రువుల చేత చిక్కి చెఱపడెను. రాజు లేని రాజ్యమున సామంతులు తలలెత్తిరి. పొరుగురాజులు ఎల్లలు దాటిరి. అప్పుడు రేచెర్ల రుద్రుడను సేనాని రాజ్యమును తన చేతులలోనికి తీసికొని తిరుగుబాటుదారులను అణచెను. 1199లో గణపతిదేవుడు చెఱవిడిచి వచ్చినపుడు అతనికి సింహాసనము చెక్కుచెదరక కాచియుండెను. ఖాళీయైన సింహాసనము కన్నులయెదుట నుండగా దానిపై తాను కూర్చుండకపోవుట అల్పమైన నిగ్రహము కాదు. చరిత్రలో అట్టి సమయమున సేనానులు రాజులైన ఉదాహరణములు మనకు కొఱతలేదు.

శాసనములు ఈ రుద్రుని “కాకతిరాజ్యభారధౌరేయుడు” అని పిలిచినవి. ఈ మాటను చదువరులు కొంచెము ఆగి చూడవలెను. ధౌరేయమనగా కాడి మోయగల యెద్దు. పెద్ద సేనానికి ఇచ్చిన గౌరవనామములో సింహము లేదు, సూర్యుడు లేడు; బండికాడి క్రింద మెడ నుంచిన యెద్దు కలదు. అనగా ఆ నాటివారి దృష్టిలో ఆ బిరుదము అలంకారము కాదు. భుజము మీది బరువు. ఎద్దు బండి లాగినంతకాలమే ధౌరేయము. లాగుట మానినచో దానికి గడ్డి వేయుట గృహస్థునకు నష్టమే.

ఈ రేచెర్ల రెడ్లు కాకతీయుల క్రింద తరతరముగ సేనానులుగను, మండలాధిపతులుగను ఉండిరి. వారి శాఖలు పిల్లలమఱ్ఱి, నాగులపాడు, ఆమనగల్లు మున్నగు చోట్ల వ్యాపించెను. రుద్రుడు శాలివాహనశకము 1135, శ్రీముఖ సంవత్సరమున, అనగా క్రీ. శ. 1213లో పాలంపేటలో రుద్రేశ్వరుని ప్రతిష్ఠించి శాసనము వేయించెను. పునాది క్రింద ఇసుక నింపుట, శిఖరమునకు నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలు వాడుట మొదలగు నేర్పులకు ఆ గుడి ప్రసిద్ధికెక్కినది. హైదరాబాదు పురావస్తుశాఖాధికారియైన గులాం యాజ్దానీగారు 1922లో దానినిగూర్చి గ్రంథము ప్రకటించి లోకము దృష్టికి తెచ్చిరి. 2021 జూలైలో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానసంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థానములలో చేర్చినది.

అయితే గుడికంటె చెఱువే ఆ కాలపు ప్రభువుల నిజమైన కీర్తి యని మేము తలంతుము. ఆ సీమలో జీవనది లేదు, వర్షము నాలుగు నెలలు, నేల వాలు. కొండల నడుమ కట్ట వేసి నీరు నిలిపిననే పంట. గుడి కట్టినచోట చెఱువు త్రవ్వుట, చెఱువు క్రింది మాన్యముతో గుడి నడుపుట వారి పద్ధతి. రామప్పచెఱువు, లక్నవరము, పాకాల అన్నియు ఆ వ్యవస్థలోని భాగములే. పాకాల చెఱువును కట్టించినవాడు రాజు కాడు. గణపతిదేవుని మంత్రి కుమారుడగు జగదాల ముమ్మడి. పేరుగలవాడు తన పేరును నీటి రూపమున రైతుకు ఇచ్చిన దినము లవి. ఆ చెఱువుల క్రింద నేటికిని వరి పండుచున్నది. మోసినవారు పోయినను వారు మోసిన బరువు ఇంకను ఫలమిచ్చుచున్నది.

ఈ పేరును మోసినవారిలో స్త్రీలును గలరు. నేటి సూర్యాపేట ప్రక్కనున్న పిల్లలమఱ్ఱిలో నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయమును కట్టించెను. బేతిరెడ్డి భార్యయగు ఎఱకసానమ్మ 1208లో తన పేర ఎఱకేశ్వరాలయమును నిలిపెను. భర్తృనామము చాటున మరుగుపడక, స్త్రీ తన పేరును రాతిపై చెక్కించుకొనగలిగిన కాలమది. అటుపిమ్మట రెండు తరములు గడవకమునుపే ఓరుగల్లు సింహాసనమున రుద్రమదేవి కూర్చుండెను. స్త్రీకి ఆస్తిలో భాగ మనగనే “ఇది మన ఆచారము కాదు” అని వాదించువారు పిల్లలమఱ్ఱికి ఒకసారి పోయిరావలెను.

ఇక రేచెర్ల అను పేరే గోత్రనామముగా గల మఱియొక వంశమును చెప్పవలెను. వీరు పద్మనాయక వెలమలు. రెడ్ల రేచెర్లను, వెలమల రేచెర్లను ఒకటిగా కలిపివేయుట తగదు. పేరొక్కటియే, కులములు వేఱు. వీరి వంశచరిత్రమైన వెలుగోటివారి వంశావళిని నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరింపగా 1939లో మదరాసు విశ్వవిద్యాలయము ప్రకటించినది. అందు రుద్రమదేవి కాలపు ప్రసాదిత్యునకు “కాకతీయరాజ్యస్థాపనాచార్యుడు” అను బిరుదు చెప్పబడినది. ఇదియు కాపాడినవానికి ఇచ్చిన బిరుదే.

కాని ఓరుగల్లు 1323లో పడిన పిమ్మట కథ మాఱెను. కాపాడవలసిన రాజ్యము లేదు. రేచెర్ల నాయకులు రాచకొండ, దేవరకొండలలో తామే రాజులైరి. ఢిల్లీ పాలనను తొలగించి ఓరుగంటిని తిరిగి సాధించిన ముసునూరి కాపయనాయకుడు తుదకు రేచెర్ల అనపోతానాయకునితోడి యుద్ధముననే కూలెను. స్థాపనాచార్యుల సంతతివారు తోడి తెలుగు నాయకుని పడగొట్టిరి. ఇది నిష్ఠురముగా తోచినను దాచరాదు. వంశగౌరవము చెప్పుకొనువారు శుభములను మాత్రమే యెత్తి చూపి, తక్కినవానిని చాపక్రింద త్రోయుదురు. చరిత్ర వ్రాయువానికి ఆ స్వేచ్ఛ లేదు.

ఆ వంశమున సింగభూపాలుడను పేరుగలవారు పలువురు. వారిలో “రసార్ణవసుధాకరము” అను అలంకారగ్రంథమును వ్రాసినవానికి సర్వజ్ఞుడని బిరుదు. విద్యచే సంపాదించిన బిరుదు గనుక దానిని మనము ఆదరింపవచ్చును. కాని ఆ రాచకొండ రాజ్యకాలముననే, జనగామ సీమలోని బమ్మెరలో పోతన యుండెను. భోగినీదండకము ఆతడు సింగభూపాలునిగూర్చి చెప్పినదని ప్రతీతి. భాగవతమును మాత్రము రాజున కీయక శ్రీరామున కంకితము చేసెను. రాజు కోపగించి గ్రంథమును పాతిపెట్టించెనని జనశ్రుతి. ఆ కథకు శాసనాధారము లేదు. కాని అయిదువందల యేండ్లు జనులు దానిని ఎందుకు చెప్పుకొనిరో ఆలోచింపవలెను. సర్వజ్ఞబిరుదాంకితుల వంశమునెదుట నాగలిపట్టిన కవి తలవంచలేదని నమ్ముట వారికి ఇష్టము. ఎవరి పేరు ఎంత బరువైనదో తూచు త్రాసు రాజసభలో లేదు, ప్రజల నోట నున్నది.

ఇట్టి విచారము మన దేశమునకే పరిమితము కాదు. స్కాట్లండు దేశమున హే వంశమువారికి ట్వీడ్డేలు అను ప్రభుబిరుదము కలదు. 1646లో ఎర్లు పదవిగా మొదలై 1694లో మార్క్విసు పదవిగా పెరిగినది. మొదటి మార్క్విసు స్కాట్లండునకు ఛాన్సలరుగా నుండెను. రెండవవాడు 1707లో స్కాట్లండు, ఇంగ్లండు పార్లమెంటులు ఏకమగునపుడు అటు నిటు త్రాసు మొగ్గించిన చిన్న పక్షమునకు నాయకుడు. ఎనిమిదవవాడు నెపోలియనుతోడి యుద్ధములలో వెల్లింగ్టను క్రింద పోరాడి, ఇంటికి వచ్చి పొలములలో నీరు నిలువకుండ మట్టిగొట్టములు వేయు పద్ధతిని వృద్ధిచేసెను. ఆ గొట్టములు చేయుటకు ఒక యంత్రమును కూడ కల్పించెను. 1842 మొదలు 1848 వఱకు ఆతడే మదరాసు గవర్నరు. నందననామ సంవత్సరపు కరవులో కృష్ణా గోదావరి మండలములు వల్లకాడైన పిమ్మట, ఆర్థరు కాటను గోదావరికి ఆనకట్ట కట్టవలెనని నివేదించినది ఆతని కాలముననే. 1847లో ధవళేశ్వరమున పని ప్రారంభమై 1852లో ముగిసినది. కీర్తి కాటనుకే చెందవలసినది, రాళ్లు మోసిన కూలివారికి చెందవలసినది. అయినను గవర్నరు పీఠమున నున్నవాడు అడ్డుపడకుండుటయు ఒక మేలే.

ఆ మార్క్విసు కుమార్తె సుసాను, డల్‌హౌసీ ఎర్లు భార్య. అదియు స్కాట్లండు బిరుదమే. ఆ డల్‌హౌసీ గవర్నరు జనరలుగా నుండి 1853లో నిజామునుండి బీరారు పాలనను తీసికొనెను. ఘనపూర్ రైతులు ఆ దినములలో ఆ నిజాము ప్రజలే. ట్వీడ్డేలు తొమ్మిదవ మార్క్విసో, రాజకీయములకంటె పక్షిశాస్త్రమునందు పేరుపొంది, లండను జంతుశాస్త్రసంఘమునకు అధ్యక్షుడయ్యెను. పదవవాడు బెంగాలు సివిలు సర్వీసులో పనిచేసెను. బిరుదము ఒక్కటియే: ఒకడు రాజ్యములను కలిపెను, ఒకడు దేశమేలెను, ఒకడు పిట్టలను పరీక్షించెను. పేరు ఎవరిని ఏమి చేయుమని చెప్పలేదు, మంచిచెడ్డలు మనుష్యునివే. అక్కడికిని ఆ దేశపు చట్టము బిరుదమునకు అధికారము కట్టిపెట్టి యుంచినది. 1707 పిమ్మట స్కాట్లండు ప్రభువులు తమలో 16 మందిని ఎన్నుకొని ప్రభుసభకు పంపుచుండిరి. 1963లో అందఱికిని ఆ హక్కు కలిగినది. 1999లో వంశక్రమాగతులలో 92 మందికి తప్ప తక్కిన వారికందఱికి సభాప్రవేశము రద్దయినది. పుట్టుకచేత శాసనసభలో కూర్చుండుట తగదని ఆ జాతి గ్రహించుటకు మూడు శతాబ్దులు పట్టినది.

మన రేచెర్లవారికి ఈ పాఠము తొందరగానే వచ్చినది. వేంకటగిరి, బొబ్బిలి సంస్థానాధిపతులు ఆ గోత్రీయులు. బొబ్బిలివారు 1757లో బుస్సీ సైన్యమున కెదురు నిలిచి కోటతోకూడ నాశమైన వృత్తాంతము పల్లెపల్లెను పాడబడినది. ఆ బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు జస్టిసుపక్షము తరఫున 1932లో మదరాసు ప్రధానమంత్రియై, నడుమ కొలది నెలలు తప్ప, 1937 వఱకు పాలించిరి. 1937 ఎన్నికలలో ఆయన తన స్వస్థానముననే పోటీచేసిరి. ఎదుట నిలిచినవారు కార్మికసంఘముల నాయకుడగు వి. వి. గిరిగారు. ఓటు పెట్టె తెఱచునప్పటికి రాజాగారు ఓడిరి. ఇరువురిలో ఎవరు ఎక్కువ సమర్థులను చర్చ మనకు వలదు. రెండువందల యేండ్ల వీరగాథయు, సంస్థానాధికారమును కలిసియు రైతు చేతిలోని చీటీని త్రిప్పలేకపోయెనని గ్రహించిన చాలును. వేంకటగిరిలోను ఇట్టిదే: 1928లో నెల్లూరు వెంకట్రామానాయుడుగారు స్థాపించిన “జమీన్ రైతు” పత్రిక జమీందారీ రైతుల కడగండ్లను వీథిన పెట్టినది. పద్మనాయక ప్రభువులలోనే పిఠాపురము రాజా సూర్యారావుగారివంటివారు కలాశాలకును, అనాథాశ్రమమునకును, సూర్యరాయాంధ్ర నిఘంటువునకును ధనమిచ్చి, బ్రాహ్మసమాజ సంస్కారకార్యములకు అండగా నిలిచిరి. ఆయన పేరును నేటికిని మనము కృతజ్ఞతతో తలచుచున్నాము. తలచుచున్నది జమీందారీని కాదు, ఇచ్చినదానిని.

బరువు దిగిపోయి బిరుదము మాత్రము మిగిలినచో ఏమగునో తెలిసికొనుటకు మరల జనగామ సీమకే రావలెను. నిజాము రాజ్యమున దేశముఖులనగా మొదట పరగణాలో శిస్తు వసూలుచేసి సర్కారునకు చేర్చువారు. 1860 దశకమున సాలార్‌జంగు సంస్కరణలతో ఆ పని జీతపు టుద్యోగులకు పోయెను. పని పోయినను పేరు పోలేదు. పరిహారముగా వతనులును, రుసుములును వంశపారంపర్యముగ నిలిచినవి. కాడి మెడనుండి దిగెను, గడ్డి మాత్రము తఱుగలేదు. పిమ్మటి తరములలో భూములు వేల యెకరములుగ పోగుపడినవి. వెట్టి పెరిగెను. కులమునకొక తీరున చాకిరి, పండుగకొక తీరున మామూలు. 1946 జూలై 4వ తేదీని కడవెండి గ్రామమున దొర మనుష్యుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలుపంటను దొర గాదెకు పోనీయక నిలిచెను. ఆమె పంటకొఱకు నిలిచిన పాలకుర్తియే పాల్కురికి సోమనాథుని ఊరు. ఆ ప్రక్కనే పోతన బమ్మెర. ఏడువందల యేండ్ల క్రిందట రేచెర్ల రుద్రుడు సింహాసనమును కాచి తిరిగి ఇచ్చిన ఓరుగంటి నేలలోనే, దొరతనమును ధరించినవారు ఒక స్త్రీ పండించిన ధాన్యమును కూడ వదలలేకపోయిరి.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. “ప్రభువులు లేకున్నచో ఈ గుళ్లేవి? చెఱువులేవి? అందఱును సమానులైన దేశమున రామప్పగుడి ఎవరు కట్టుదురు?” అని కొందఱు పెద్దలు మాతో వాదించియున్నారు. దీనికి పాలంపేట జనులే సమాధానము చెప్పియున్నారు. శాసనము రుద్రుని పేరు చెప్పుచున్నది, దేవునిపేరు రుద్రేశ్వరుడు. జనులు మాత్రము దానిని రామప్పగుడి యనిరి. రామప్ప దానిని చెక్కిన శిల్పి యని తరతరముల నమ్మకము. ధనము పెట్టిన సేనాని శాసనములో నిలిచెను, ఉలి పట్టినవాడు నాలుకపై నిలిచెను. పూర్వము ధనమంతయు ప్రభువు చేతిలోనే యుండెను గనుక ప్రభువు ద్వారముననే గుడియు, చెఱువును రావలసివచ్చెను. ఇప్పుడు ప్రజాధనము ప్రజల ప్రతినిధుల చేతిలో నున్నది. చెఱువు పూడిక తీయించు భారము వారిది. తీయించితిరా యని అడుగు భారము మనది. ఘనపూర్ కోటగుళ్లు ఒరిగియున్నంతకాలము ప్రభువులు లేరను సాకు మనకు చెల్లదు.

1948లో మదరాసు శాసనసభ జమీందారీలను రద్దుచేసెను. 1949లో హైదరాబాదు జాగీరులు రద్దయినవి. 1950లో వచ్చిన రాజ్యాంగపు 18వ అధికరణము ప్రభుత్వము బిరుదములిచ్చుటను నిషేధించెను. చట్టము చేయవలసినది చేసినది. కాని చట్టము మన పెండ్లిపందిళ్లలోనికి రాదు, ఓటు వేయుటకు పోవునపుడు మన మనసులోనికి రాదు. తండ్రి పదవి కుమారునకు, కుమారుని పదవి మనుమనకు సహజముగా రావలెనని తలచువారు, “వారిది పెద్ద యిల్లు” అని తలయూపి చీటీ వేయువారు, ఇంకను మనలో నున్నారు. దొర పోయెనుగాని దొరను చూచిన వెంటనే లేచి నిలుచు అలవాటు పోలేదు.

కావున చదువరులకు మా విన్నపము ఇంతమాత్రమే. మన పిల్లలకు వంశకథలు చెప్పుట మానవలదు. రేచెర్ల రుద్రుని కథ చెప్పుదము. ఎఱకసానమ్మ కథ చెప్పుదము. పాకాల కట్టను చూపుదము. చెప్పునపుడు “మన పెద్దలు ఇంతవారు” అని ఆగక, “వారు మోసినది ఇది; నీవు మోయబోవునది ఏది?” అని అడుగుదము. ఇంటికి సంబంధము వచ్చినపుడుకూడ ఇంటిపేరు తరువాత ఈ రెండవ ప్రశ్న వేయుదము. దానికి జవాబు చెప్పలేని పెద్దపేరుకంటె, జవాబు చెప్పగల చిన్నపేరే మన యింటికి గౌరవము.